పరామర్శ ఒక విద్య
(సుందరకాండను మరొకసారి చదువుతూ)

సుందరకాండ పుస్తకం లేని తెలుగు ఇల్లు ఈ దేశంలో అరుదు. పుస్తకం లేకపోయినా ఎమ్మెస్ రామారావుగారి గొంతు వుంటుంది. ఆదివారం ఉదయం ఆ పాట పెట్టుకుని కాఫీ కలుపుకునే ఇళ్ళు మనలో చాలా వున్నాయి. ఉద్యోగం నిలవాలని, వీసా రావాలని, అమ్మాయి పెళ్ళి కుదరాలని పారాయణం చేసేవారూ వున్నారు. దానితో మాకు పేచీ లేదు. మా పేచీ అల్లా ఒక్కటే. ఫలితం కోసం ఇంత శ్రద్ధగా చదివే గ్రంథాన్ని కావ్యంగా చదవడం మనం మానుకున్నాం. అందువల్ల అది నేర్పగలిగిన ఒక విద్య మన చేతికి అందకుండా పోతున్నది.

ఆ విద్య పరామర్శ. కష్టంలో వున్న మనిషి దగ్గరకు వెళ్ళి, ఆ మనిషికి అందేటట్లు నాలుగు మాటలు మాట్లాడడం. ఇదీ ఒక విద్యేనా అని నవ్వేవారు మన వారాంతపు పరామర్శలను ఒకసారి తలచుకోవాలి.

దేశం నుంచి చెడ్డ కబురు సాధారణంగా మనకు అర్ధరాత్రి వస్తుంది. తండ్రో తల్లో పోయారని తెలుస్తుంది. కొందరు అందుకుని వెళ్ళగలుగుతారు, కొందరు వెళ్ళలేరు. శనివారం నాటికి ఆ ఇంటి గుమ్మంలో పదిహేను జతల చెప్పులుంటాయి. పప్పు, కూర, పెరుగన్నం డబ్బాలు బల్ల మీద బారులు తీరతాయి. తరువాత ప్రశ్నలు మొదలవుతాయి. వయసెంత? షుగరుందా? ఏ ఆసుపత్రిలో చూపించారు? ముందే స్కానింగు తీయించలేదా? ఆ పైన తీర్పు: "పోనీలెండి, మంచాన పడకుండా వెళ్ళారు, అదృష్టవంతులు." ఆ పైన ఆజ్ఞ: "మీరు ధైర్యంగా వుండాలి." పావుగంట గడిచేసరికి సంభాషణ గ్రీన్‌కార్డుల మీదికీ, ఇళ్ళ ధరల మీదికీ మళ్ళుతుంది. తండ్రిని పోగొట్టుకున్న మనిషి లేచి అందరికీ టీ పెడుతూ వుంటాడు.

వచ్చినవాళ్ళు రాతిగుండెల వాళ్ళు కారు. మంచులో నలభై మైళ్ళు కారు తోలుకుని వచ్చినవాళ్ళు. వారిలో ప్రేమకు లోటు లేదు. ఆ ప్రేమ ఎదుటివారికి చేరే దారే వారికి తెలియదు.

ఎందుకు తెలియదు? మనలో ఎక్కువమంది ఇరవైరెండేళ్ళకో ఇరవైయైదేళ్ళకో ఇల్లు విడిచి వచ్చినవాళ్ళం. మన ఊళ్ళలో పరామర్శకు పెద్దలు వెళ్ళేవారు. మనం ఇంట్లో కూర్చుని పరీక్షలకు చదువుకునేవాళ్ళం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు గనుక ఎవరు వండి పంపాలో, ఎవరు ఆ ఇంటి ఆవిడ పక్కన కూర్చోవాలో, వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకుండా ఎలా లేవాలో మన అమ్మలు వాళ్ళ అమ్మల వెంట నడిచి నేర్చుకున్నారు. మనకు ఆ శిష్యరికం జరగలేదు. పట్టాలు పుచ్చుకుని విమానం ఎక్కాం. ఇక్కడ మనమే పెద్దలమైపోయాం. నేర్పేవారు దగ్గర లేనప్పుడు పుస్తకాలే నేర్పాలి. అవి మన అలమారల్లోనే వున్నాయి.

ముందు మాటల సంగతి చూద్దాం. ఇంగ్లీషువారి 'ఎంపతీ' అనే మాటకు వయసు నూరేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. జర్మన్ మాట ఒకదానికి సమానంగా 1909లో టిచెనర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు దానిని వాడుకలోకి తెచ్చాడు. మనం దానికి 'సహానుభూతి' అంటున్నాం. 'సానుభూతి'కీ దీనికీ మూలార్థం ఒకటే, తోడుగా అనుభవించడం. వాడుకలో మాత్రం సానుభూతి గట్టు మీద నిలబడి చూసేదిగా, సహానుభూతి నీళ్ళలోకి దిగేదిగా విడిపోయాయి. మన 'పరామర్శ' వీటన్నిటికంటె లోతైన మాట. సంస్కృతంలో దాని ధాతువుకు తాకడం అని అర్థం. చేత్తో పట్టి చూడడం, ఆలోచించి చూడడం, రెండూ ఆ మాటలో వున్నాయి. పరామర్శగ్రంథం అన్నప్పుడు ఆలోచన కనబడుతుంది. పరామర్శకు వెళ్ళడం అన్నప్పుడు స్పర్శ కనబడాలి. అచ్చతెలుగులో 'పలకరింపు' వుండనే వుంది. ఎదుటివాడి చేత పలికించడం దాని పని. మనం పలకడం అందులో సగం మాత్రమే.

స్పర్శ లేని పరామర్శ ఏమవుతుందో మహాభారతం స్త్రీపర్వం చూపిస్తుంది. తిక్కనగారు తెనిగించిన పర్వాల్లో ఇది ఒకటి. మేము ఇక్కడ సంస్కృత మూలంలోని క్రమాన్ని చెబుతున్నాం. నూరుగురు కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడి దగ్గర మొదట సంజయుడు మాట్లాడతాడు. అతని మాటల్లో ఓదార్పు కంటె నింద ఎక్కువ. హితులు చెప్పినప్పుడు నీవు వినలేదు గదా అంటాడు. అది అబద్ధం కాదు. కాని ఆ సమయంలో ఆ నిజం వల్ల ఎవరికి మేలు? తరువాత విదురుడు అందుకుంటాడు. కూడినవి విడిపోతాయని, పుట్టినవాడు పోక తప్పదని అధ్యాయాల తరబడి వేదాంతం చెబుతాడు. అడవిలో నూతిలో తలకిందులుగా వేలాడుతూ తేనెచుక్కలకు ఆశపడే మనిషి కథ అక్కడిదే. లోకసాహిత్యంలో అంత గొప్ప దృష్టాంతాలు ఎన్నో లేవు. అదంతా విన్న ముసలిరాజు ఏం చేశాడు? పుత్రశోకంతో మూర్ఛపోయి నేలమీద పడ్డాడు.

అప్పుడు చుట్టూ వున్నవారు చేసిన పని వ్యాసుడు చెబుతాడు. చల్లని నీళ్ళు చల్లారు. తాటాకు విసనకర్రలతో విసిరారు. చేతులతో ఒళ్ళు నిమిరారు. చాలాసేపటికి తెలివి వచ్చింది.

ఈ వరుసను వ్యాసుడు ఊరికే పెట్టలేదని మా నమ్మకం. విదురుడి మాటల్లో దోషం లేదు. అవి వినే స్థితి వినేవాడికి లేదు. ముందు నీళ్ళు, విసనకర్ర, చెయ్యి రావలసింది. వేదాంతం తరువాత రావచ్చు, రాకపోయినా ఫరవాలేదు. మన శనివారపు పరామర్శల్లో నింద ముందు వస్తుంది, వేదాంతం వెనకాల వస్తుంది, చెయ్యి రానే రాదు.

ఇక సుందరకాండ. అరవైఎనిమిది సర్గల ఈ కాండలో ప్రవచనకారులు సముద్రం దాటే దగ్గర నిలుస్తారు, లంక తగలబెట్టే దగ్గర నిలుస్తారు. మన పిల్లల చేత వేయించే నాటకాల్లోనూ తోకకు నిప్పు అంటించే రంగానికే చప్పట్లు. కాండకు గుండెకాయ వీటి మధ్యన వుంది. ముప్పయ్యో సర్గ నుంచి ముప్పైయెనిమిదో సర్గ దాకా అని మేము అంటాం. అక్కడ జరిగేది ఒక్క సంభాషణ. వినేది లంకలో ఒంటరిగా వున్న ఒక స్త్రీ. మాట్లాడేది ఆమె ఎన్నడూ చూడని ఒక కోతి.

పరిస్థితి ఎటువంటిదో చూడండి. రావణుడు వచ్చి రెండు నెలలు గడువు పెట్టి వెళ్ళాడు. రాక్షసస్త్రీలు కోసుకు తింటామని బెదిరించారు. సీత తన జడనే ఉరితాడు చేసుకోవాలని తలపోసింది. ఇదంతా హనుమంతుడు శింశుపా వృక్షం ఆకుల చాటు నుంచి చూశాడు. వెతికిన మనిషి దొరికింది, చేతిలో ఉంగరం వుంది, చెప్పవలసిన శుభవార్త వుంది. మనమైతే చెట్టు మీద నుంచి దూకి వుండేవాళ్ళం. హనుమంతుడు దూకడు. ముప్పయ్యో సర్గ అంతా ఆలోచిస్తాడు.

ఆ ఆలోచనలో మొదటిది భాష. ద్విజుడిలాగా సంస్కృతం మాట్లాడితే ఈమె నన్ను రావణుడనుకుని భయపడుతుంది, కనుక మనుషులు మాట్లాడుకునే మాటే మాట్లాడాలి అనుకుంటాడు. ఇది అనుకుంటున్నది ఎవరు? వేదాలు చదవనివాడు, వ్యాకరణం సాంతం నేర్వనివాడు ఇలా మాట్లాడలేడని కిష్కింధాకాండలో రాముడి చేత మెప్పు పొందినవాడు. ఏ విద్యలో తనకు పేరుందో ఆ విద్యను చెట్టు మీదే వదిలి కిందికి దిగుతున్నాడు. పండితుడు పాండిత్యాన్ని, వైద్యుడు వైద్యాన్ని, భక్తుడు భక్తిని కాసేపు పక్కన పెట్టి మాట్లాడగలగడం ఎంత కష్టమో మనకు తెలుసు. మనవాళ్ళలో ఎవరికైనా జబ్బు చేసిందంటే మన డాక్టర్లు మందుల పేర్లు చెబుతారు, ఇంజనీర్లు లెక్కలు చెబుతారు. ఎవరికి వచ్చిన భాష వారు మాట్లాడతారు. వినేవారి భాష ఏదో ఎవరూ ఆలోచించరు.

రెండవది ఆరంభం. తాను ఎవరో, సముద్రం ఎలా దాటాడో చెప్పి మొదలుపెట్టలేదు. అది తన కథ. దశరథుడనే రాజు వుండేవాడు అని మొదలుపెట్టాడు. అది ఆమె కథ. కనిపించకుండా, మెల్లగా, ఆమెకు బాగా తెలిసిన కథను ఆమె చెవిన పడేటట్లు చెప్పాడు. ఆమె తనంతట తాను తలెత్తి చూసింది. మన పరామర్శల్లో "మా నాన్న పోయినప్పుడు నేనైతే" అని మొదలుపెట్టే వారు ఈ సర్గ చదవాలి. మన కథ చెప్పడం తప్పు కాదు. దాని వంతు తరువాత.

మూడవది తొందరపడకపోవడం. ఆమె వానరుణ్ణి చూసి కల అనుకుంది. కలలో కోతి కనబడితే కీడని భయపడింది. అతడు దగ్గరకు జరిగిన కొద్దీ అనుమానం పెరిగిందని వాల్మీకి చెబుతాడు. ఒక అడుగు ముందుకు, ఒక అనుమానం ఎక్కువ. బాధలో వున్న మనిషి మంచిమాటను కూడా అనుమానిస్తాడు. అది అతని తప్పు కాదు, అతనికి అంతవరకు జరిగినది అటువంటిది. హనుమంతుడు నొచ్చుకోలేదు. అమ్మా, నీవెవరవు అని అడిగాడు. అతనికి తెలియక అడగలేదు. ఆమె చేత చెప్పించడానికి అడిగాడు. ఆమె తన పుట్టిల్లు, మెట్టినిల్లు, వనవాసం అన్నీ చెప్పుకున్నది. తరువాత ఆమె పరీక్ష పెట్టింది. రాముడి గుర్తులు చెప్పమంది. అతడు ఓపికగా అన్నీ చెప్పాడు. మొదటి నుంచి చేతిలో వున్న ఉంగరం ముప్పైయారో సర్గలో గాని ఇవ్వలేదు.

మన డాక్టరు మిత్రులకు ఇది కొత్తగా తోచదు. రోగికి చెడ్డవార్త ఎలా చెప్పాలన్నదానికి కాన్సరు వైద్యులు 2000 సంవత్సరంలో 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతి ప్రకటించారు. తగిన చోటు, సమయం చూసుకోవడం మొదటి మెట్టు. రోగికి అప్పటికే ఏం తెలుసో అడగడం రెండవది. ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నాడో కనుక్కోవడం మూడవది. చెప్పడం నాలుగో మెట్టు మీద గాని రాదు. ఆ తరువాత రోగి మనసులో రేగినదానికి బదులు పలకడం, చివరకు ఏం చేద్దామని కలిసి ఆలోచించడం. దీనిని ఆసుపత్రిలో నేర్చుకుని అమలు చేసే వైద్యులు, సాయంత్రం స్నేహితుడి ఇంటికి వెళ్ళి మొదటి మెట్టు మీదే నాలుగో మెట్టు మాట చెప్పేస్తారు. రెండు చోట్లా వున్నది మనిషే గదా!

నాల్గవది అన్నిటికంటె ముఖ్యం. ఉంగరం ఇచ్చిన తరువాత హనుమంతుడు తన వీపు మీద కూర్చోబెట్టుకుని ఇప్పుడే రాముడి దగ్గరకు తీసుకువెళతానన్నాడు. చేయగల సమర్థుడే. సీత వద్దన్నది. సముద్రంలో పడిపోతానేమో అన్నది, తనంతట తాను పరపురుషుణ్ణి తాకనన్నది, రాముడే వచ్చి తీసుకువెళ్ళడం అతనికి తగిన పని అన్నది. హనుమంతుడు వాదించలేదు, అలగలేదు, "నీ మంచికే చెప్పాను" అనలేదు. నీవన్నది తగినమాటే అని ఒప్పుకున్నాడు. అయితే గుర్తుగా ఏదైనా ఇమ్మన్నాడు. ఆమె కాకి కథ చెప్పింది, చూడామణి విప్పి ఇచ్చింది. సహాయం చేయవచ్చినవాడు, ఆమెకు కావలసిన సహాయం ఏదో ఆమె నోటనే తెలుసుకున్నాడు. ఇవ్వడానికి వచ్చినవాడు పుచ్చుకుని వెళ్ళాడు. అంతవరకు ఏడుస్తూ కూర్చున్న మనిషికి అప్పుడు చేయవలసిన పని ఒకటి, చెప్పవలసిన మాట ఒకటి దొరికాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఇన్ని లెక్కలు వేసుకుని మాట్లాడితే అది నటన కాదా? జాలి గుండెలోంచి రావాలి గాని పాఠం చదువుకుంటే వస్తుందా? మేము దీనితో ఏకీభవించం. ఎలా మాట్లాడితే ఈమె భయపడకుండా వుంటుందని చెట్టు మీద కూర్చుని తల బద్దలు కొట్టుకోవడమే ప్రేమ. మాట తప్పితే ఆమె ప్రాణం పోవచ్చునని, మాట్లాడకుండా వెళ్ళినా పోవచ్చునని అతనికి తెలుసు. నోటికి వచ్చింది అనేసి "నాది స్వచ్ఛమైన మనసు" అని చెప్పుకోవడం తేలిక. ఆ స్వచ్ఛతకు మూల్యం ఎదుటివాడు చెల్లిస్తాడు. మన అమ్మమ్మల పలకరింపులూ నేర్చుకున్నవే. అందువల్ల అవి బూటకం కాలేదు.

అయితే చెప్పవలసిన రెండవ పక్షం కూడా వుంది. హనుమంతుడంతటివాడికే ఇది సాధ్యం, మామూలువాళ్ళ వల్ల కాదు అనుకునేవారికి పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' జవాబు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ జరిపిన ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ అది. బహుమతి సంగతి అందరికీ గుర్తుంది, కథ చదివినవారు తక్కువ. రావుగారికి జీవితం గూర్చి స్థిరమైన సూత్రాలున్నాయి. ముష్టి వేయడం ఆ సూత్రాలకు విరుద్ధం. గాలివాన రాత్రి ఒక చిన్న స్టేషనులో, చీకట్లో, ఆ సూత్రాలేవీ పనికిరాక వణికిపోతుంటే ఆయనకు వెచ్చదనం ఇచ్చి ధైర్యం చెప్పింది రైలులో ఆయన ఈసడించిన ముష్టి మనిషి. ఆమెకు తత్త్వం తెలియదు. భయపడుతున్న మనిషి తెలుసు. పైగా ఆయన పర్సు తీసిందీ ఆమే. పద్మరాజుగారు ఆ సంగతి దాచలేదు. ఓదార్చేవారు పుణ్యాత్ములే కానక్కరలేదని, దగ్గర వుంటే చాలునని ఆ కథ చెబుతుంది. తెల్లవారి ఆమె శవం ముందు నిలబడిన రావుగారు ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమెకు దొంగ అన్న పేరు రాకుండా తనకు చేతనయింది చేశాడు. ఆ రాత్రి ఆయన నేర్చుకున్నది అదీ.

ఒకచోట ఆలోచన, మరొకచోట దగ్గరితనం. రెండూ కావాలి. ఏది లోపించినా ఏమవుతుందో స్త్రీపర్వం చెప్పనే చెప్పింది.

ఇదంతా చావుల గూర్చి మాత్రమే కాదు. చావుకైతే కనీసం డబ్బాలు పట్టుకుని వెళతాం. ఉద్యోగం పోయిన ఇంటికి వెళ్ళం. గర్భం నిలవని అమ్మాయి దగ్గర ఆ ఊసే ఎత్తం. విడాకులయిన కుర్రవాడి ఎదుట మాట మార్చి, వెనక మాత్రం మార్చకుండా మాట్లాడుకుంటాం. చదువు మధ్యలో మానేసి గది తలుపు వేసుకుని కూర్చున్న పిల్లవాడి తల్లిని గుడిలో చూసి "మీవాడు ఏ యూనివర్సిటీ?" అని అడుగుతాం. ఇవన్నీ అశోకవనాలే. ఈ దేశంలో మనకు పక్కింటి అత్తయ్య లేదు, వీధి చివరి బాబాయి లేడు. మన సంఘంలో వున్న ఈ కొద్ది కుటుంబాలే ఒకరికొకరు. మనం పలకరించకపోతే ఇంకెవరు పలకరిస్తారు?

భాష సంగతి మరొక్కమాట. మన పిల్లలతో తెలుగే మాట్లాడాలని ఈ పత్రికలో ఎన్నోసార్లు వ్రాశాం. మళ్ళీ వ్రాస్తాం. కాని దెబ్బ తగిలి ఇంటికి వచ్చిన పదిహేనేళ్ళ పిల్ల తన బాధను ఇంగ్లీషులో చెప్పుకుంటే "తెలుగులో చెప్పు" అనడం హనుమంతుడు చేసే పని కాదు. ఆ పూట ఆమె భాషే మన భాష. అలాగే ఆరునెలలకని వచ్చి కిటికీ దగ్గర కూర్చున్న అమ్మమ్మను పలకరించడానికి మనవడికి పది తెలుగు మాటలు రావాలి. "ఏం అమ్మమ్మా, ఊరు గుర్తొస్తున్నదా?" అని అడగగలిగితే చాలు. మిగతాది ఆవిడే చెబుతుంది. తెలుగు ఎందుకు నేర్పాలన్నదానికి ఇంతకంటె గట్టి కారణం మాకు తెలియదు.

ఈసారి మన వారపు పారాయణంలో ఆ తొమ్మిది సర్గలు వచ్చినప్పుడు దయచేసి వేగం తగ్గించండి. చదవడం ఆపి, తాత్పర్యం పిల్లలకు వారికి తెలిసే భాషలో చెప్పండి. తోకకు నిప్పంటించే రంగంతో పాటు, కోతి చెట్టు మీద కూర్చుని ఆలోచించే రంగం కూడా వారి చేత వేయించండి. తరువాత, ఈ మధ్య మనం పలకరించకుండా వదిలిన ఇల్లు ఏదైనా వుంటే, వచ్చే శనివారం వెళ్ళండి. వయసెంత, షుగరుందా అని అడగకండి. వారి పక్కన కూర్చోండి. టీ మీరు పెట్టండి.